సామ్రి సైదాబాద్‌లో తిరిగిన రోజులు

దిల్‌సుఖ్‌నగర్‌లో సెకండ్ షో వదిలేసరికి సిటీ బస్సులు డిపోకు చేరిపోయేవి. ఆటోవాళ్లు డబుల్ అడిగేవాళ్లు. సైదాబాద్ వైపు పోవాల్సిన కుర్రాళ్లకు ఇక మిగిలింది కాళ్లే. గడ్డిఅన్నారం గల్లీల్లోంచి అడ్డం పడితే దగ్గరి దారే కానీ, 1980లలో ఆ గల్లీల్లో వీధి దీపాలన్నీ ఒకేసారి వెలిగిన రాత్రులు తక్కువ. అమితాబ్ సినిమానో చిరంజీవి సినిమానో చూసి వచ్చేటప్పుడు ఒకడు ముందు, ఇద్దరు వెనక, ఫైట్లు చెప్పుకుంటూ చెల్లాచెదురుగా నడిచేవాళ్లు. దయ్యాల సినిమా అయితే మాత్రం అందరూ పక్కపక్కనే, రోడ్డుకు అడ్డంగా ఒకటే వరస. వెనక నడవడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. చివరివాడి వెనక ఎవరూ ఉండరు మరి.

ఆ సినిమాలను పేపర్లు పట్టించుకునేవి కావు, పట్టించుకున్నా రెండు ముక్కలు తిట్టి వదిలేసేవి. తీసినవాళ్లకు డబ్బు తక్కువ, టైము తక్కువ, మొహమాటం ఇంకా తక్కువ. ఒక రబ్బరు మాస్కు, బిందెడు ఎర్రరంగు, పొగ, పాడుబడ్డ హవేలీ, అర్ధరాత్రి కిర్రుమనే తలుపు, ఏ కారణమూ లేకుండా స్నానానికి దిగే హీరోయిన్. సరుకు ఇంతే. ఈ సరుకుతోనే రెండు దశాబ్దాల పాటు హైదరాబాద్ తూర్పు దిక్కు పిల్లలను రాత్రిపూట ఒంటరిగా బాత్రూముకు పోకుండా చేశారు.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే విజయవాడ హైవే మీద నగరం పల్చబడే చోటు. ఎల్బీ నగర్ దాటితే ఊరు అయిపోయినట్టే. ఆ కొద్ది మేరలోనే థియేటర్లు గుమిగూడి ఉండేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి, మేఘా, రాజధాని. ఇటు మూసారాంబాగ్‌లో తిరుమల, అటు సంతోష్‌నగర్‌లో యాదగిరి, ఇంకా ముందుకు పోతే వనస్థలిపురంలో సుష్మ. ఓపిక ఉన్నవాళ్లకు యాకుత్‌పురాలో యాకుత్ మహల్, పాత హిందీ సినిమాలు మళ్లీ మళ్లీ ఆడించడంలో దానికి దాన్నే చెప్పుకోవాలి. సైదాబాద్ వీటన్నిటికీ నడుమన. ఒక పక్క మాదన్నపేట, చంచల్‌గూడ, అక్కడ ఇంట్లో ఉర్దూ. ఇంకో పక్క చంపాపేట, సరూర్‌నగర్. సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం నుంచీ, హైవే పట్టుకుని నల్లగొండ జిల్లా నుంచీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ. ఒకే సినిమాకు రెండు పక్కలవాళ్లూ వచ్చి ఒకే వరసలో కూర్చునే సందర్భాలు అన్ని జాన్రాలకూ ఉండవు. తెలుగు కుటుంబ కథకు ఆ పక్కవాళ్లు రారు. ముస్లిం సోషల్ సినిమాకు ఈ పక్కవాళ్లు పోరు. దయ్యానికి ఆ తేడా లేదు. మాస్కు తొడుక్కుని కొవ్వొత్తి పట్టుకుని వచ్చేవాడికి డైలాగులతో పనేముంది?

ఆ మాస్కుల వెనక ఉన్నది రామ్సే కుటుంబం. దేశ విభజనకు ముందు కరాచీలో ఫతేచంద్ ఉత్తమ్‌చంద్ రామ్‌సింఘానీకి రేడియోల దుకాణం ఉండేది. ఆ పేరు ఇంగ్లీషు గిరాకీలకు నోరు తిరక్క రామ్సే అయిందంటారు. బొంబాయి వచ్చాక ఆయన సినిమాల్లో చెయ్యి పెట్టాడు. 1970లో తీసిన ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ ఆడలేదు. అయితే అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన వేషంలో దొంగతనానికి వచ్చే సీను ఒకటుంది. జనం ఆ ఒక్క సీను కోసం వచ్చి, చూసి, లేచిపోతున్నారని కొడుకులు గమనించారు. మొత్తం సినిమా అలాగే ఉంటే? ఆయనకు ఏడుగురు కొడుకులు. కుమార్ కథ రాశాడు, తులసి, శ్యామ్ దర్శకత్వం చూశారు, గంగూ కెమెరా పట్టాడు, మిగిలినవాళ్లు సౌండు, ఎడిటింగు పంచుకున్నారు. సినిమా విద్య కోసం ఎవరూ ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ పోలేదు. కెమెరా పని గురించి జోసెఫ్ మాసెల్లి రాసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకుని, కశ్మీర్‌లో పడవ ఇంట్లో మకాం పెట్టి, దాన్ని చదివి నేర్చుకున్నారు. 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’ వచ్చింది. మహాబలేశ్వర్‌లో ఇంటిల్లిపాదీ దిగి, వంటలు ఇంటి ఆడవాళ్లు చేసుకుంటూ తీసిన సినిమా అది. పెద్ద స్టార్లు లేరు, సెట్లు లేవు, ఉన్న బంగళానే సెట్టు.

‘దర్వాజా’, ‘గెస్ట్ హౌస్’, ‘దహ్‌షత్’, ఇలా వచ్చి వచ్చి 1984లో ‘పురానా మందిర్’ దగ్గర వాళ్ల పంట పండింది. సామ్రి అనే రాక్షసుడు. రెండు వందల ఏళ్ల కింద రాజుగారు వాడి తల నరికించి, మొండెం ఒకచోటా తల ఒకచోటా పెట్టిస్తాడు. తల ఉన్న పెట్టెకు కాపలా శివుడి త్రిశూలం. వాడి శాపంతో రాజవంశంలో ఆడపిల్లలు ప్రసవంలో చచ్చిపోతుంటారు. ఈ కథ మధ్యలో జగ్దీప్ మచ్ఛర్ సింగ్ వేషం కట్టి ‘షోలే’కు పేరడీ నడుపుతుంటాడు, దానికీ సామ్రికీ ఏ సంబంధమూ లేదు. సామ్రిగా వేసిన అజయ్ అగర్వాల్ సివిల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఆరున్నర అడుగుల పొడుగు, ఆ ఎముకల ముఖం. రామ్సేలకు మేకప్ ఖర్చు సగం మిగిలిందని చెప్పాలి. మరుసటి ఏడాది వాడినే ‘సామ్రి’ పేరుతో త్రీడీలో దించారు. అంతకు ముందే మలయాళం ‘మై డియర్ కుట్టిచాత్తన్’ తెలుగులోకి ‘చిన్నారి చేతన’గా వచ్చి త్రీడీ కళ్లద్దాలు అలవాటు చేసింది. చేతన ఐస్‌క్రీమ్ చేతికందించినట్టు కనిపిస్తే పిల్లలు చెయ్యి చాచారు. సామ్రి చెయ్యి చాస్తే సీటు కిందికి జారారు.

ఇంతకీ భయపడేవాళ్లా? పడేవాళ్లు, కానీ సినిమా భయపెట్టిన చోట కాదు. మాస్కు రబ్బరుదని ఎనిమిదేళ్ల పిల్లవాడికి కూడా తెలిసేది. గోళ్లు అతికించినవని తెలిసేది. రాక్షసుడు ముందుకొస్తుంటే లోయర్ స్టాల్‌లోంచి ఎవడో “అన్నా, మాస్కు జారుతున్నది, చూసుకో” అని అరిచేవాడు. హాలంతా గొల్లున నవ్వేది. ఆ నవ్వు అయిపోయిన మరుక్షణం వెనక తలుపు ధడాలున కొట్టుకుంటే అదే హాలు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టేది. పెద్ద సినిమా అన్నీ తనే చేసిపెడుతుంది. ప్రేక్షకుడు కూర్చుని పుచ్చుకోవడమే. ఈ చవక సినిమా సగం పని చేసి చేతులెత్తేసేది. మిగతా సగం హాలు చెయ్యాలి, అరిచి, నవ్వి, పక్కవాడి మోచెయ్యి గిల్లి. ఆ తర్వాత గడ్డిఅన్నారం దారి చెయ్యాలి. ఆ సినిమాల రుచి అంతా ఆ రెండో సగంలోనే ఉంది. తెర మీద ఉన్నది దానికి పచ్చి సరుకు మాత్రమే.

పైగా ప్రింట్లు. కొత్త సినిమా మొదట ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆడి, అక్కడ పాతబడ్డాక శివార్లకు వచ్చేది. రీలు పెట్టె చాలా ప్రొజెక్టర్ల పళ్లు తిని వచ్చేసరికి ఫిలిం మీద గీతలు, అతుకులు. ఎన్నిసార్లు తెగితే అన్నిసార్లు అతికించేవాళ్లు, అతికించిన ప్రతిసారీ రెండు అంగుళాలు పోయేవి. రాక్షసుడు గది గుమ్మంలో ఉన్నాడు, టక్కుమని మంచం పక్కన ఉన్నాడు. మధ్య అడుగులు ఏ ఊరి ఆపరేటర్ కత్తెర కిందో పోయాయి. దర్శకుడు అనుకున్న దానికన్నా అదే ఎక్కువ భయపెట్టేది. గీతలు నిండిన మసక బొమ్మలో మాస్కు అంచు కూడా కనబడేది కాదు. ఇవాళ అవే సినిమాలను శుభ్రం చేసి పెద్ద టీవీలో వేస్తే మెడ దగ్గర రబ్బరు మడత, గంగూ రామ్సే వాడిన ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు ఎక్కడ పెట్టాడో ఆ చోటుతో సహా తెలిసిపోతున్నాయి.

తెగిపోయిన ఫిలిం ముక్కలు పిల్లల ఆస్తి. క్యాబిన్ వెనక చెత్తలో ఏరుకునేవాళ్లు, గోలీలకు మార్చుకునేవాళ్లు. మాడిపోయిన బల్బు లోపలి సరంజామా తీసేసి నీళ్లు నింపితే అదే కటకం. బయట ఒకడు అద్దంతో ఎండను లోపలికి కొడతాడు. చీకటి గదిలో ఒకడు ఫిలిం ముక్కను ఆ వెలుతురులో పట్టుకుంటాడు. గోడ మీద రంగు బొమ్మ పడుతుంది, తలకిందులుగా. అందులో హీరో ముక్కకు ఒక రేటు, దయ్యం ముక్కకు ఇంకో రేటు. దయ్యానిదే ఎక్కువ.

తెలుగువాళ్లకు చవకలో అద్భుతం చేసి చూపడం కొత్త కాదు. రామ్సేల కన్నా ముందే ఆ విద్యలో బి. విఠలాచార్య గురువు. ఉడుపి దగ్గర ఉద్యావరలో 1920లో పుట్టిన ఆయన హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు నడిపి సినిమాల్లోకి వచ్చాడు. అంటే జనం దేనికి ఈల వేస్తారో డేరా గుడ్డ వెనక నిలబడి నేర్చుకున్నాడు. ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’ లాంటి జానపదాలు ఎన్టీఆర్‌తో తీసినా, డేట్లు దొరకనప్పుడు హీరోను చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవాడని పరిశ్రమలో నేటికీ చెప్పుకుంటారు. నిజమెంతైనా, ఆ కథ ఆయన లెక్కల పద్ధతిని సరిగ్గా పట్టుకుంది. 1978లో నరసింహరాజు, జయమాలినితో ‘జగన్మోహిని’ తీశాడు. అందులో దయ్యం కోడలు వంటింట్లో కట్టెలు లేక తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. సైదాబాద్‌లో ఆ తరం ఆడవాళ్లను ఎవరిని కదిపినా సినిమా పేరు గుర్తుండకపోవచ్చు గానీ పొయ్యిలో కాళ్లు గుర్తుంటాయి. దాన్ని తీయడానికి ఏం కావాలి? ఒక పొయ్యి, గడ్డి దూర్చిన రెండు కాళ్లు, ఒక కెమెరా కోణం. దయ్యం పగలంతా మామూలు కోడలిలా ఇంటి చాకిరీ చెయ్యడంలోనే ఆ సీను బలమంతా ఉంది. సామ్రికి అంత తెలివి లేదు. రామ్సేల దయ్యాలు ఎక్కువగా హవేలీల చుట్టే తిరిగేవి, విఠలాచార్య దయ్యం వంటింట్లోనే కాపురం పెట్టింది.

భయం అచ్చులో కూడా వచ్చింది. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తుంటే అద్దె పుస్తకాల షాపుల్లో ఆ సంచిక చేతులు మారుతూనే ఉండేది. చిన్న పిల్ల మీద చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి, పక్కనే డాక్టర్లు, హిప్నాటిస్టులు. మంత్రమా, మనస్తత్వమా అన్నది పాఠకుడి ఇష్టానికి వదిలేసిన పుస్తకం. తర్వాత ‘తులసి’ వచ్చింది, దాన్నే 1986లో రాజేంద్రప్రసాద్, భానుప్రియ నటించిన ‘కాష్మోరా’గా తీశారు. బాణామతి మాట పల్లెల్లో ఇంకా వేడిగా ఉన్న రోజులవి. ఊరి నుంచి నగరానికి వచ్చిన కుటుంబానికి బాణామతి సినిమాలో చూసిన సంగతి కాదు, మేనత్త చెప్పిన సంగతి. తెలుగునాట ఎన్నో ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నదీ ఆ కాలపు చుట్టుపక్కలే. అదొక సినిమా కథలాగే ఉంటుంది, మాస్కు ఖర్చు కూడా లేదు. ఒక బొగ్గు ముక్క చాలు.

జడుసుకున్న పిల్లలకు మందులూ ఇరుగుపొరుగునే దొరికేవి. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వెయ్యడం ఇంటి వైద్యం. జ్వరం తగ్గకపోతే మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్లి సిందూరం పెట్టించి, నల్లదారం కట్టించేవాళ్లు. సైదాబాద్‌లోనే ఉజాలే షా దర్గా. తెలుగు తల్లులు పిల్లవాణ్ని దర్గా దగ్గరికి తీసుకుపోయి నెమలీకలతో దులిపించి దువా చదివించడంలో ఎవరికీ వింత కనిపించేది కాదు. తాయత్తు కట్టించుకున్న పిల్లవాడు ఏం చేసేవాడు? ఇప్పుడు ధైర్యం వచ్చింది కదా అని వచ్చే వారం ఇంకో దయ్యం సినిమాకు బయల్దేరేవాడు.

థియేటర్ మగవాళ్ల జాగా అయితే, వీడియో మొత్తం వాడకట్టుది. 1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చింది. దాని వెనకే వీసీఆర్, వీసీపీ. కొనే స్తోమత కొద్దిమందికే, అద్దెకు తెచ్చే స్తోమత పది ఇళ్లు కలిస్తే అందరికీ. పెళ్లయినా, శ్రీరామనవమి అయినా, వినాయక మండపం దగ్గరైనా, ఏమీ లేకపోయినా, శనివారం రాత్రి రిక్షాలో టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు దిగేవి. ఏది ముందు, ఏది వెనక అన్నదానికి ఒక రాజ్యాంగం ఉండేది. మొదట పెద్దవాళ్ల కోసం పౌరాణికమో ఏఎన్నార్ సినిమానో. తర్వాత అందరి కోసం చిరంజీవి. ముసలాళ్లు గురక పెట్టి, చిన్నపిల్లలు చాపల మీద ఒరిగాక, ఒంటిగంటకో రెండింటికో మూడో క్యాసెట్. దాని మీద పేరు సరిగా రాసి ఉండేది కాదు. ‘వీరానా’ కావచ్చు, మోహన్ భాక్రీ తీసిన ‘ఖూనీ మహల్’ కావచ్చు. బొమ్మ వణికితే ట్రాకింగ్ తిప్పాలి, అప్పటికీ కుదరకపోతే హెడ్ తుడవాలి. కాపీకి కాపీ తీసిన క్యాసెట్‌లో రక్తం గోధుమ రంగులో ఉండేది. నిద్రపోతున్నట్టు నటిస్తూ దుప్పటి సందులోంచి చూసే పిల్లలు ఎంతమందో ఆ ఇంటి పెద్దకు తెలియదు.

ఆ మూడో క్యాసెట్‌లలో రాజు ‘ఈవిల్ డెడ్’. అది ఇంగ్లీషు సినిమా అయినా ఎవరికీ అడ్డు రాలేదు. అడవిలో గుడిసె, ఐదుగురు కుర్రకారు, నేలమాళిగలో ఒక పుస్తకం, అంతే కథ. అమెరికాలో సామ్ రైమీ, బ్రూస్ క్యాంప్‌బెల్ మిత్రబృందం ఇరవై ఏళ్ల వయసులో ఊళ్లో డాక్టర్లనూ లాయర్లనూ బతిమాలి చందాలు పోగుచేసి, టెనెసీలో ఒక పాత ఇంట్లో 1979 చలికాలంలో తీశారు. మొత్తం ఖర్చు 4 లక్షల డాలర్ల లోపే. మొక్కజొన్న పాకంలో రంగు కలిపితే రక్తం. పలక మీద కెమెరా బిగించి ఇద్దరు చెరో పక్క పట్టుకుని అడవిలో పరుగెడితే కంటికి కనిపించని దయ్యం. ఈ సంగతులేవీ సైదాబాద్‌కు చేరలేదు. చేరినదల్లా ఒక పుకారు. ఈ సినిమాను థియేటర్లో ఒక్కడే కూర్చుని చివరిదాకా చూస్తే లక్ష రూపాయలు ఇస్తారట. ఛాతీకి వైర్లు తగిలించి గుండె కొట్టుకోవడం కొలుస్తారట. ఒకడు చూడబోయి ఇంటర్వెల్‌కే పోయాడట. ఎవరిస్తారు, ఎక్కడిస్తారు అని అడిగినవాడు లేడు. అందరికీ బాబాయి కొడుకు స్నేహితుడి ద్వారానే తెలుసు.

ఈ పుకారుకు ఎక్కడో తాత ఉన్నాడు. 1958లో విలియం కాజిల్ అనే అమెరికన్ నిర్మాత ‘మకాబ్ర’ అనే చవక సినిమా తీసి, చూస్తూ భయంతో చచ్చిపోయినవాళ్లకు వెయ్యి డాలర్ల బీమా అని ప్రకటించాడు. లాయిడ్స్‌తో నిజంగానే పాలసీ రాయించాడు. మరుసటి ఏడాది ‘ద టింగ్లర్’ కోసం కొన్ని సీట్ల కింద మోటార్లు బిగించి, సమయానికి జుయ్యిమని వణికించాడు. మన దగ్గర ఏ నిర్మాతా పైసా ఖర్చు పెట్టకుండానే ఆ ప్రచారం జనమే చేసిపెట్టారు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో ఇదే నగరంలో అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన కుర్ర సివిల్ ఇంజనీరు ఆ పుకారును ఊరికే పోనివ్వలేదు. రామ్‌గోపాల్ వర్మ ‘శివ’తో పేరు తెచ్చుకుని, 1992లో రేవతితో ‘రాత్రి’, 1996లో ‘దెయ్యం’ తీసి, 2008లో హిందీలో ‘ఫూంక్’ విడుదల చేస్తూ థియేటర్లో ఒంటరిగా చూసినవాళ్లకు 5 లక్షలు అని ప్రకటించాడు. చేతబడికి గురైన చిన్న పిల్ల కథ అది, చూస్తుంటే ‘తులసిదళం’ గుర్తు రాక మానదు. క్యాసెట్లు అద్దెకిచ్చిన చేత్తోనే పుకారుకు రసీదు కూడా రాశాడన్నమాట.

ఈ ముచ్చటంతా చెప్పుకుంటూ ఒక సంగతి దాటేస్తే అబద్ధమవుతుంది. భయం టికెట్టు మీద ఇంకో సరుకు కూడా అమ్మారు. రామ్సేల హీరోయిన్లకు స్నానం తప్పదు, తడి చీర తప్పదు, రాక్షసుడి చూపు కూడా అక్కడే. వాళ్ల తర్వాత వచ్చిన కాంతి షా లాంటివాళ్లకు దయ్యం ఒక వంక మాత్రమే. ఉదయం పదకొండింటి మార్నింగ్ షోలు దీనికి పెట్టింది పేరు. 1990లలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల అడ్డాగా మారింది. వాటి చుట్టూ హాస్టళ్లు, ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్లు, క్లాసు ఎగ్గొడితే అడిగేవాళ్లు లేరు. పోస్టర్ మీద పుర్రె, పుర్రె పక్కన ఒక అమ్మాయి, కింద పెద్ద ‘ఎ’. లోపల మధ్యలో సినిమాతో సంబంధం లేని ‘బిట్టు’ పడుతుందన్న ఆశ. పడని రోజు కుర్చీలు విరిగేవి. ఆ అమ్మాయిలు ఎవరు, ఎంత ఇచ్చారు, వాళ్లకు చెప్పింది ఒకటీ తీసింది ఒకటీనా అని హాల్లో ఎవరూ ఆలోచించలేదు. 2012లో ఆషిమ్ అహ్లువాలియా ‘మిస్ లవ్లీ’లో ఆ లోకం లోపలి చీకటిని చూపించాడు. అది చూశాక పాత పోస్టర్లను మునుపటిలా నవ్వుతూ చూడటం కష్టమే.

చావుదెబ్బ టీవీ కొట్టింది. 1993లో రామ్సేలే ‘జీ హారర్ షో’ మొదలుపెట్టారు. ఇంట్లో కూర్చుంటే వారానికో దయ్యం ఉచితంగా వస్తుంటే టికెట్టు ఎవడు కొంటాడు? 1995లో ఈటీవీ వచ్చింది, కొన్నాళ్లకు అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ తెలుగు ఇళ్లన్నిటిలో రాత్రి భోజనాల వేళను మార్చేసింది. దాని టైటిల్ సంగీతం వినబడగానే పిల్లలు తల్లి కొంగు వెతుక్కునేవాళ్లు. భయం ఇంటికే వచ్చింది కాబట్టి ఇక నడిచి రావలసిన దారి లేదు. ఆ తర్వాత సీడీలు, కేబుల్ వాడి అర్ధరాత్రి సినిమా, సెల్‌ఫోన్. వీడియో లైబ్రరీ ఉన్న మడిగెలో ముందు ఎస్టీడీ బూతు వచ్చింది, తర్వాత జిరాక్స్, తర్వాత మొబైల్ రీచార్జ్.

థియేటర్లకు కూడా రీళ్లు పోయి, క్యూబ్, యూఎఫ్ఓ డిజిటల్ ప్రొజెక్షన్లు వచ్చాయి. ఆపరేటర్ కత్తెరకు పని లేదు, ఏరుకోవడానికి ముక్కలు లేవు. పాత హాళ్లలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని రూపు మార్చుకున్నాయి. కొన్ని బస్ స్టాపు పేర్లుగా మిగిలాయి. కోణార్క్, వెంకటాద్రి పేర్లు దేశమంతా విన్నది మాత్రం సినిమాల వల్ల కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఆ రెండు థియేటర్ల దగ్గర బాంబులు పేలాయి. సినిమా రక్తం చూసి నవ్విన వీధి మీద అసలు రక్తం. ఆ తర్వాత చాలాకాలం ఆ పక్కకు సాయంత్రం పోవాలంటేనే ఇళ్లల్లో వద్దన్నారు. 2018లో ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చింది. రోడ్డు మీద స్తంభాలు, పైన రైలు, కింద రాత్రంతా వెలుగు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ సైతం బాటసింగారం తరలిపోయింది. మామిడికాయల లారీల మధ్య అర్ధరాత్రి కూడా మనుషులుండే చోటది. సెకండ్ షో కుర్రాళ్లకు ఆ మార్కెట్ లాంతర్లు కనబడితే పోయిన ప్రాణం లేచొచ్చేది.

దయ్యాలు మాత్రం పోలేదు, బాగుపడ్డాయి. తలుపు మీద రాసుకున్న ఆ రాతల కథనే తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన రాజ్, డీకే జంట 2018లో హిందీలో ‘స్త్రీ’గా రాసి నిర్మించి డబ్బు చేసుకున్నారు. 2023లో వాసన్ బాలా పూనుకుని ‘సినిమా మర్తే దమ్ తక్’ అనే సిరీస్‌లో వినోద్ తల్వార్, జె. నీలమ్, దిలీప్ గులాటీ, కిషన్ షా అనే నలుగురు పాత చవక సినిమాల దర్శకులకు మళ్లీ ఒక్కో సినిమా తీసే అవకాశం ఇప్పించాడు. తెలుగులో రవిబాబు ‘అవును’ను ఒక ఇంట్లోనే దాదాపు ముగించి లాభం చూశాడు. ‘ప్రేమకథా చిత్రమ్’ దయ్యానికి కామెడీ కలిపి కాసులు రాల్చుకున్నది, దాని వెనక ఎన్ని కాపీలు వచ్చాయో లెక్క పెట్టడం విసుగు. వీటిలో చాలావాటికి రామ్సేల దగ్గర లేని నైపుణ్యం ఉంది, రామ్సేల దగ్గర ఉన్న తెగింపు లేదు.

వీటిలో ఆసక్తికరమైన ప్రయాణం ‘మా ఊరి పొలిమేర’ది. సత్యం రాజేష్ హీరోగా అనిల్ విశ్వనాథ్ తీసిన ఈ చేతబడి కథ 2021 డిసెంబరులో థియేటర్ల మొహం చూడకుండా నేరుగా ఓటీటీలోకి వచ్చింది. జనం ఫోన్లలో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి మంచం మీద వాళ్లు చూశారు. లక్ష రూపాయల పుకారులో అడిగినట్టే, అక్షరాలా ఒంటరిగా, కాకపోతే ఎవరూ పైసా ఇవ్వలేదు. చూసినవాళ్లు ఊరుకోలేదు, ఇంకొకరికి చెప్పారు, వాళ్లు మరొకరికి. రెండో భాగం 2023 నవంబరులో వచ్చినప్పుడు నేరుగా థియేటర్లోనే దించారు, చిన్న సినిమాకు దొరకని ఓపెనింగ్ దొరికింది. మొదటి భాగంలో ఏం జరిగిందో అప్పటికే తెలిసిన కుర్రాళ్లు గుంపులుగా వచ్చారు. ఉల్లిగడ్డ సమోసా తింటూ, తెర మీద మాంత్రికుడు కనబడగానే వాడు ముందేం చెయ్యబోతాడో పక్కవాడికి వినపడేలా చెప్పేశారు. ముందు వరసలోంచి ఎవరో వెనక్కి తిరిగి కసిరారు.